అక్క పులిహోర, హెడ్డుగారి బరువు

ఆ రోజుల్లో విశాఖపట్నంలో కాస్త పేరున్న ప్రతి మగవాడి దగ్గరా ఒక సముద్రం కథ ఉండేది. ఒకాయన ఓడెక్కి సింగపూరు దాకా పోయొచ్చానంటాడు. ఇంకొకాయన తుఫానులో తెరచాప చిరిగిపోతే కట్టుకున్న పంచె విప్పి కట్టి పడవని ఒడ్డుకి తెచ్చానంటాడు (మరి ఒడ్డున ఎలా దిగావని అడిగితే మాట మారుస్తాడు). నాకు ఓడెక్కితే వాంతులు, పడవని చూస్తేనే కళ్ళు తిరుగుడు. అందుకని సముద్రాన్ని వాళ్ళకి వదిలేసి నేను కొండని పట్టుకున్నాను. ఐదువందల మందికి సరిపడా భోజనాన్ని, గుండిగలతో సహా, ఇంజను లేకుండా, ఎద్దు లేకుండా, ఒంటిచేత్తో కొండ మీదికి ఎక్కించినవాణ్ణి నేను. ఈ మాట పెళ్ళిళ్ళలో చెప్పాను, రైళ్ళలో చెప్పాను, ఒకసారి పన్ను పీకించుకుంటూ డాక్టరుగారికి కూడా చెప్పాను. ఎవరూ కాదనలేదు. డాక్టరుగారైతే నోరు ఇంకాస్త తెరవమన్నారు.

అప్పటికి నేను ఇరవై దాటినవాణ్ణి. వర్క్‌షాపులో అప్రెంటిసుగా చేరి మా అక్క ఇంట్లో మకాం పెట్టాను. ఎంత సన్నగా ఉండేవాణ్ణంటే కాలనీలో అందరూ నన్ను అగరొత్తి అనేవారు. గాలి ఎక్కువగా ఉన్న రోజు బీచికి వెళ్ళొద్దని అక్క నవ్వకుండానే చెప్పేది. బావ పోర్టులో గుమాస్తా. ఆ లైను ఇళ్ళల్లో గోదావరి వైపు నుంచి వచ్చిన మాలాంటివాళ్ళు కొందరు, కృష్ణా వైపు వాళ్ళు కొందరు, ఈ ఊరి వాళ్ళు కొందరు. కార్తీకమాసంలో ఒక ఆదివారం అందరం కలిసి వనభోజనాలకి వెళ్ళేవాళ్ళం. వంట పెత్తనం మాత్రం ఏటా ఒకరిదే. బావ పనిచేసే సెక్షనుకి హెడ్ క్లర్కుగా ఉన్నాయన భార్య, కాలనీ అంతా బెజవాడ పిన్నిగారు అని పిలిచే ఆవిడ. ఆవిడ చేతి కూర తిన్నవాడు ఆ పూటకి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, నోరు తెరిచి గాలి పీల్చుకోవడంతోనే సరిపోయేది. కారం లేనిది వంట కాదని ఆవిడ అభిప్రాయం. గోదావరి వాళ్ళు చేసేది అసలు వంటే కాదని ఇంకొక అభిప్రాయం. "మీ వాళ్ళు పులుసు పెట్టరమ్మాయ్, పానకం కాచి అందులో ముక్కలేస్తారు" అని మా అక్కతో కుళాయి దగ్గర అనేది, అదీ నవ్వుతూ, నలుగురూ వినేలాగా. అక్క కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఈ పానకం మాట పడుతూనే ఉంది. తిరిగొచ్చి బిందె దించిన చప్పుడుని బట్టి ఆ రోజు కుళాయి దగ్గర ఎంతమంది నవ్వారో నేను గదిలోంచే చెప్పగలిగేవాణ్ణి.

ఆ ఏడు పిన్నిగారికి నడుం పట్టేసింది. "ఈసారి నా వల్ల కాదు. గోదావరి వాళ్ళు చేసి పెడతారేమో, తిని చూద్దాం" అంది, అదే కుళాయి దగ్గర. అక్క బిందె కింద పెట్టకుండానే "అలాగేనండి" అంది. ఇంటికొచ్చాక బావ తల పట్టుకున్నాడు. "హెడ్డుగారి భార్యతో పోటీ ఏంటే? రేపు ఆఫీసులో ఆయన మొహం నేను చూడాలి" అన్నాడు. అక్క నా వైపు తిరిగి, "ఒరేయ్, ఆ ఆదివారం గనక తేడా వచ్చిందా, మళ్ళీ నేను ఆ కుళాయి దగ్గరికి వెళ్ళను. నీళ్ళు నువ్వే మొయ్యాలి" అంది. అంటే ప్రమాదం అక్క పరువుకీ బావ ఉద్యోగానికీ మాత్రమే కాదు, నా నడుముకి కూడా.

ఎక్కడికి వెళ్ళాలన్నది నేను తేల్చాను. యారాడ వైపు సముద్రంలోకి దూసుకొచ్చిన కొండల్లో ఒకదాన్ని మా వర్క్‌షాపు వాళ్ళు రాళ్ళకొండ అనేవారు. పూర్వం ఎవరో దొరలు ఏదో నల్లరాయి కోసం దాన్ని తవ్వి, దొరక్క, గోతులు వదిలేసి పోయారు. తర్వాత వచ్చినవాళ్ళకి ఆ గోతులు పనికిరాలేదు గానీ కొండ పనికొచ్చింది. సముద్రానికి అడ్డుగోడ కట్టడానికి రాయి కావాలంటే దీన్నే కొట్టుకుపోయేవారు. ఊరి వైపు నుంచి చూస్తే ఒక చెంప కోసేసినట్టు ఉండేది. పైకెక్కి చూస్తే మాత్రం ఆ చెంప సంగతి మర్చిపోతాం. ఎడం పక్క హార్బరు, క్రేన్లు, ఎర్రటి ఇనపరాయి గుట్టలు, లోపలికి రమ్మంటారో లేదో అని బయట నిలబడ్డ ఓడలు. కుడి పక్క మనిషి జాడలేని పచ్చటి ఇసుక, తాటిచెట్లు, బోర్లించిన పడవలు. మధ్యలో, పాడుపడ్డ దొరగారి బంగళా పక్కన, గుబురుగా ఒక ఉసిరిచెట్టు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద తింటేనే వనభోజనం, లేకపోతే అది ఉత్త భోజనం. నేను వెళ్ళి చూసొచ్చి, లారీ పోయేంత రోడ్డుంది, చెట్టు నిండా కాయలున్నాయి అని చెప్పాను. రెండూ నిజమే. అయితే నేను చూసొచ్చిన తర్వాత మూడు రోజులు వాన కురిసింది.

ఆదివారం పొద్దున్నే బస్సులో ఆడవాళ్ళం, పిల్లలం, ముసలివాళ్ళం (నేను ఈ మూడింట్లో ఎందులోకి వస్తానో అడక్కండి, సామాను చూసుకోవడానికి వెళ్ళాను) ముందుగా చేరి, కాలిబాటన కొండెక్కి, చెట్టు కింద దీపాలు పెట్టి, పూజ కానిచ్చాం. మగవాళ్ళు తర్వాతి బస్సులో వచ్చి పూజ అయ్యేసరికి కలిశారు. అక్క తెల్లవారకముందు లేచి పెరట్లో పొయ్యిల మీద వండిన వంట అంతా, పులిహోర, అన్నం, గుమ్మడికాయ పులుసు, కందాబచ్చలి, బూరెలు, చిన్న లారీలో బావతో వెనకాల వస్తోంది. వచ్చింది కూడా. కొండ మొదట్లో ఆగిపోయింది. పైనుంచి చూస్తే లారీ అగ్గిపెట్టంత కనపడుతోంది, దాని ముందు రోడ్డు ఉండాల్సిన చోట ఎర్రమట్టి బురద కనపడుతోంది. వాన రోడ్డులో సగాన్ని సముద్రంలో కలిపేసింది.

మగవాళ్ళంతా కిందికి పరిగెత్తారు. మొదట రోడ్డు మీద రాళ్ళు పరుద్దామన్నారు, లారీ చక్రం మరింత దిగింది. తర్వాత బకెట్లతో కాలిబాట మీదుగా మోసేద్దామన్నారు. ఆ బాట మేకలకి బాగుంటుంది. బావ, ఇంకొకాయన చెరో పక్కా పట్టుకుని, గుండిగలోంచి తోడిన ఒక పులుసు బకెట్‌తో పైకి బయల్దేరి, మొదటి మలుపులో ఒకరు జారితే ఇంకొకరు మర్యాదగా వెనకాలే జారారు. కొండ పులుసు తాగింది. పైనుంచి అది చూసిన అక్క, "ఇంకో బకెట్ కదిపారంటే మీ బావని పుట్టింటికి పంపేస్తానని చెప్పు" అని నాతో అంది. చెప్పి రావడానికి నేను దిగి ఎక్కాను. బావ సమాధానం చెప్పడానికి మళ్ళీ దిగి ఎక్కాను. ఈలోగా బావనీ లారీవాళ్ళనీ సామాను దగ్గర వదిలేసి మిగతా మగవాళ్ళు ఉత్తచేతులతో పైకొచ్చేశారు, చెట్టు కింద పిల్లలు ఆకలని ఏడుపు మొదలెట్టారు, ముసలమ్మలు ఉసిరికాయలు కొరికి మొహాలు ముడిచారు. అప్పుడు బెజవాడ పిన్నిగారు చాప మీద కూచునే, పక్కనున్న సంచీ ముందుకు లాక్కుంది. అందులో ఇత్తడి గిన్నె, గిన్నె నిండా దద్దోజనం. "ఇలాంటిదేదో అవుతుందని నా మనసు చెబుతూనే ఉంది. ఎందుకైనా మంచిదని కాస్త కలిపి తెచ్చాను" అంది. ఆ కాస్తా అందరికీ తలో ముద్ద వచ్చేంత ఉంది. ఆవిడ మూత తియ్యబోతుంటే అక్క మొహం చూశాను. అక్కకి కోపం వస్తే భయం లేదు, నేను అలవాటు పడ్డాను. ఆ రోజు అక్క కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, వాటిని బయటికి రానివ్వకుండా సముద్రం వైపు చూస్తోంది. ఆ ముద్ద గనక ఎవరి నోట్లోనైనా పడితే వనభోజనం పిన్నిగారిది అయిపోతుంది, పులిహోర సాయంత్రానికి పాచిపోతుంది, పానకం మాట జన్మంతా ఉండిపోతుంది.

సరిగ్గా అప్పుడు నాకు ఆలోచన వచ్చింది. (ఆలోచన నాదే. దీనిమీద ఇప్పటిదాకా ఎవరూ తగువుకి రాలేదు.) చెట్టుకి అవతల, కొండ కోసేసిన అంచున, రాయి కిందికి దింపే ఏర్పాటొకటి ఉంది. పక్కపక్కనే రెండు జతల పట్టాలు, కొండ మీంచి రోడ్డు దాకా నిటారుగా. ఒక్కో జత మీద ఒక్కో ఇనప తొట్టి బండి. పైన మనిషెత్తు చక్రం, దాని చుట్టూ తిరిగి రెండు బండ్లకీ కట్టిన ఇనపతాడు. బావి గిలకకి రెండు చేదలు కట్టినట్టే. పైనున్న బండి నిండా రాయి నింపితే అది దిగుతుంది, దాని బరువుకి కిందున్న ఖాళీ బండి దానంతటదే పైకి వస్తుంది. మరి కింద బండిలో గుండిగలు పెట్టి, పైబండిలో అంతకంటే ఎక్కువ బరువు పెడితే?

ఆదివారం కాబట్టి క్వారీలో పనివాళ్ళు లేరు. చక్రం దగ్గర ఉన్నది కాపలా ఉండే ముసలాయన ఒక్కడే. రాయి పేల్చే ముందు ఎర్రజెండా ఊపేది ఆయనే కాబట్టి అందరూ జెండా మావ అనేవారు. నేను వెళ్ళేసరికి చక్రానికి ఆనుకుని చుట్ట కాల్చుకుంటున్నాడు.

"ఏటి బాబూ, అలా సూత్తన్నావ్?"

"మావా, ఈ బండి ఇవాళ నడుస్తుందా?"

"నడవకేటి. రాయేస్తే దిగుద్ది, బ్రేకేస్తే ఆగుద్ది."

"కింద మా భోజనాలు ఉండిపోయాయి. పైకి లాగాలి."

"అయితే రాయెయ్యి."

రాళ్ళ కోసం చుట్టూ చూశాను. రాళ్ళే కదా, కొండంతా ఉన్నాయని మీరంటారు, ఆ రోజూ అందరూ అన్నారు. అక్కడున్నవి రెండే రకాలు. క్రేను లేకుండా కదలని ఏనుగుల్లాంటి బండలు, చీపురుతో ఊడవాల్సిన కంకర. పారలు, తట్టలు గదిలో పెట్టి మేస్త్రీ తాళం వేసుకుపోయాడు. అప్పుడు అన్నాను, "మనుషులెక్కితే?"

జెండా మావ చుట్ట తీసి నా వైపు పైనుంచి కిందిదాకా చూశాడు. "నువ్వెక్కితే బండికి ఎక్కినట్టు తెలీదు కూడాను. అయినా మడుసులెక్కకూడదు బాబూ. రూలు. రాయి, ఇసక, సామాను. అంతే."

"బూరెలున్నాయి మావా."

కాసేపు ఆలోచించాడు. "మడుసులెక్కకూడదు" అన్నాడు మళ్ళీ, ఈసారి కొంచెం మెత్తగా. ఇంకాసేపు ఆలోచించాడు. "అయితే ఓ పని సెయ్యండి. ఎక్కినోళ్ళు మడుసులు కాదు, సామాను. సామాను మాట్టాడకూడదు. ఎవుడైనా నోరిప్పాడంటే నాను బ్రేకేసీసి ఇంటికెల్లిపోతాను."

కిందనున్న బావకి కేకలతో, సైగలతో విషయం చెప్పాం. గుండిగలు కింద బండిలోకి ఎక్కాయి. పైన నాలాంటి కుర్రాళ్ళు కొందరు, వాళ్ళల్లో నాకంటే ఒళ్ళున్న వాళ్ళంతా తొట్టిలో కూచున్నారు, నోళ్ళు మూసుకుని. జెండా మావ బ్రేకు వదిలాడు. తాడు బిగిసింది, చక్రం మూలిగింది, బండి కదల్లేదు. ఇంకా బరువు కావాలి. అప్పుడు కాలనీ ఆడవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. సంబంధాల దగ్గర కట్నం మాట్లాడినంత జోరుగా మొగుళ్ళ బరువులు మాట్లాడుకోవడం మొదలెట్టారు. "మా ఆయన్ని తీసుకోండి, పైకి కనపడరు గానీ ఎముక బరువు" అని ఒకావిడ. "ఎముక ఏంటండీ, మొన్న మా మంచం విరిగింది ఎవరి వల్ల" అని ఇంకొకావిడ. పళ్ళు ఊడిన ఒక తాతగారు తనంతట తనే వచ్చి ఎక్కారు, ఆయన్ని మర్యాదగా దించేశాం. ఆడవాళ్ళం ఎక్కుతామంటే జెండా మావ చక్రం దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోతానన్నాడు. ఎక్కిన ప్రతివాడికీ తాడు మూలుగుతుంది, బండి కదలదు. అప్పుడు అందరి కళ్ళూ నెమ్మదిగా చెట్టు కిందికి తిరిగాయి. అక్కడ హెడ్డుగారు తువ్వాలుతో విసురుకుంటూ కూచున్నారు. మా కాలనీలో రిక్షావాళ్ళు ఆయన్ని చూస్తే బేరం మాట్లాడకుండానే వెళ్ళిపోయేవారు.

అక్క పమిట బిగించుకుని నడిచింది. నేరుగా ఆయన దగ్గరికి కాదు, పిన్నిగారి దగ్గరికి.

"పిన్నిగారూ, బాబయ్యగారిని ఒక్కసారి ఇస్తారా?"

"ఇవ్వడమేమిటమ్మాయ్, ఆయనేమన్నా రుబ్బురోలా?"

"రుబ్బురోలైతే మిమ్మల్ని అడక్కుండానే దొర్లించుకుపోయేదాన్నండి."

"ఆయన సంతకం పెట్టందే ఆఫీసులో కాయితం కదలదు, తెలుసా? అలాంటి మనిషిని రాళ్ళబండిలో కూచోబెడతావా?"

"ఇక్కడ బండీ కదలట్లేదండి మరి."

పిన్నిగారు గిన్నె మూత మీద చెయ్యి వేసింది. "ఎందుకొచ్చిన హైరానా. ఇదిగో, దద్దోజనం తినేద్దాం అందరం. నీ పానకం సంగతి సాయంత్రం దిగాక చూసుకోవచ్చు." అక్క కదల్లేదు. అప్పుడు హెడ్డుగారు విసురుకోవడం ఆపారు. ఆయన గొంతు ఆఫీసులో ఎలా ఉంటుందో నాకు తెలీదు, ఆ రోజు మాత్రం చిన్నపిల్లవాడి గొంతులా వచ్చింది.

"అమ్మాయ్, ఆ బూరెల్లోకి నెయ్యి ఉందా?"

"ఉందండి. మధ్యలో గుంట చేసి పోస్తాను."

"మీకు డాక్టరుగారు తీపి వద్దన్నారు" అంది పిన్నిగారు.

"బండెక్కొద్దని అన్లేదుగా" అని ఆయన లేచారు. ఆయన లేవడం ఒక పెద్ద కార్యక్రమం. ఇద్దరు చేతులిచ్చారు, ఒకరు వెనకనుంచి ధైర్యమిచ్చారు. తొట్టిలో ఆయనకి జంపఖానా పరిచాం. కూచున్నాక ఆయన గంభీరంగా అందరినీ చూసి, సామాను కదా, నోరు మూసుకున్నారు. జెండా మావ బ్రేకు వదిలాడు. బండి జానెడు జరిగింది. ఆగిపోయింది.

ఆ జానెడు నాకింకా గుర్తే. ఇంకొక్క మనిషి, పోనీ సగం మనిషి ఎక్కితే చాలు. అటూ ఇటూ చూస్తే మగవాళ్ళల్లో మిగిలింది నేనే. చక్రం కమ్మీ పట్టుకుని, కింద పట్టాలు పడిపోతున్నట్టుండే ఆ లోయని చూశాను, అక్కని చూశాను, దద్దోజనం గిన్నె చూశాను. సింహంలా దూకాను. అగరొత్తి బరువుకి హెడ్డుగారు కదిలారు. బండి కదిలింది, చక్రం తిరిగింది, కింద నుంచి గుండిగలు పైకి బయల్దేరాయి, కొండ మీద ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

సగం దారిలో రెండు బండ్లూ ఎదురెదురుగా వచ్చాయి. ముందు వాసన వచ్చింది, ఇంగువ, ఆవపెట్టిన పులిహోర, బెల్లం. తర్వాత గుండిగలు వచ్చాయి. గుండిగల మధ్యలో, రెండు చేతులతో రెండు మూతలు నొక్కిపట్టుకుని, ఊరేగింపులో దేవుడిలా కూచుని, మా బావ వచ్చాడు.

ఇన్నాళ్ళకి కూడా ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఊపిరాడదు. మేం పైన మనిషి మీద మనిషిని పేరుస్తుంటే, బావ కింద బండిలో కూచునే ఉన్నాడు. ఆయన దిగి ఉంటే ఎప్పుడో కదిలేది, హెడ్డుగారితో పనే లేదు. జెండా మావ రూలు గుర్తున్నా నేను ఉండబట్టలేక గుసగుసగా అడిగాను, "బావా, నువ్వెందుకెక్కావు?"

"మూతలు పట్టుకోవద్దా? పులుసు తొణికితే మీ అక్క ఊరుకుంటుందా?" అన్నాడు బావ. అనేశాక పక్క బండిలో, జంపఖానా మీద, నోరు మూసుకుని కూచున్న తన ఆఫీసరుని చూశాడు. మూత మీద చెయ్యి తీసి నమస్కారం పెట్టబోయి, పులుసు గుర్తొచ్చి, మళ్ళీ మూత పట్టుకున్నాడు. హెడ్డుగారు ఆయన్ని చూశారు. రెండు బండ్లూ పక్కపక్కనుంచి దాటిపోతుండగా, ఆయన ఒకే ఒక్క మాట అన్నారు.

"రేపు ఆఫీసుకి రా."

బావ దిగిపోదామన్నట్టు లేవబోయాడు. అయినా దిగే వీల్లేదు. పరువు కిందికి, భోజనం పైకి, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

భోజనం కొండెక్కింది. మేం మాత్రం కొండ దిగిపోయాం. ఈ సంగతి ముందుగా ఎవరికీ తట్టలేదు. కింద బండి ఆగాక, హెడ్డుగారు తలెత్తి పైకి చూశారు, ఉసిరిచెట్టు ఆకాశంలో ఉంది. మళ్ళీ ఆ మేకల బాటన ఆయన్ని మేమందరం కలిసి ఎక్కించాం. ఆయన కూచున్న చోటల్లా కూచుని, లేచిన చోటల్లా లేపి. మేమొచ్చేసరికి పైన విస్తళ్ళు వేసి ఉన్నాయి, పిల్లలకి తప్ప ఎవరికీ వడ్డన కాలేదు. పిన్నిగారు విసుక్కుంటే, "బరువు మోసినవాళ్ళు రాకుండా వడ్డించనండి" అందట అక్క. మొదటి విస్తరి హెడ్డుగారికి వేసింది. రెండోది జెండా మావకి. బూరె విరిచి, గుంట చేసి, నెయ్యి పోసింది. హెడ్డుగారు కళ్ళు మూసుకుని తిన్నారు. ఆయన రెండోసారి చెయ్యి చాపినప్పుడు పిన్నిగారు డాక్టరుగారి పేరెత్తింది. మూడోసారి చాపినప్పుడు ఆవిడ కూడా చాపింది. పులిహోర గుండిగ అడుగు కనపడేదాకా ఎవరూ లేవలేదు. చివర్లో పిన్నిగారు చెయ్యి కడుక్కుంటూ, ఎవరికీ కాకుండా సముద్రానికి చెబుతున్నట్టుగా అంది, "పులుసులో బెల్లం ఇంకాస్త పడినా బాగుండేది."

అక్క గరిటె కింద పెట్టి, ఇటు తిరిగి, నన్ను చూసి నవ్వింది. ఆ ఊరు వచ్చాక అక్క అలా పళ్ళన్నీ కనపడేలా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ తర్వాత అందరం కొండకి అవతలి వైపు ఇసుకలోకి దిగాం. హెడ్డుగారు ఇసుకలో పడుకుని నిద్రపోతే పిల్లలు ఆయన నీడలో ఇళ్ళు కట్టుకున్నారు. అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మోకాళ్ళ దాకా నీళ్ళల్లో నిలబడింది. దద్దోజనం గిన్నె మూత తియ్యకుండానే బెజవాడ పిన్నిగారింటికి తిరిగెళ్ళింది. సోమవారం బావ వణుకుతూ ఆఫీసుకి వెళ్ళాడు. హెడ్డుగారు తలుపు వేయించి, గొంతు తగ్గించి, "ఆ బూరెలు ఏమైనా మిగిలాయా? ఇంట్లో తెలియకూడదు సుమా" అన్నారట.

ఇక్కడ కొన్ని సవరణలు నేనే చేసేస్తాను, ఎవరో చేసే దాకా ఎందుకు. ఐదువందల మంది కారు. మా లైను ఇళ్ళన్నీ కలిపినా వంద దాటరు, అందులో చంటిపిల్లలున్నారు. ఒంటిచేత్తో అన్నది కూడా నిజం కాదు. ఆ బండిలో నా చేతులు రెండూ దిగినంతసేపూ హెడ్డుగారి మెడ చుట్టూ ఉన్నాయి, ఆయన ఊపిరాడక సైగలు చేస్తున్నా నేను వదల్లేదు. నేను చేసిన పని అసలు చేత్తో చేసింది కాదు, కూచుని చేసింది. అయినా కొండెక్కింది కదా, అది మాత్రం అబద్ధం కాదు.

మొన్న కార్తీకంలో అక్క, నేను మళ్ళీ ఆ కొండకి వెళ్ళాం. దువ్వాడ దగ్గర మా మేనకోడలు ఇంట్లో ఉంటోంది అక్క ఇప్పుడు, ఆ పిల్లే కారులో తీసుకెళ్ళింది. బావ లేడు, హెడ్డుగారు లేరు, పిన్నిగారు ఎక్కడున్నారో తెలీదు. రాయి కొట్టడం ఎప్పుడో ఆపేశారు. రోడ్డు సాఫీగా ఉంది, కొండ అంచున రెయిలింగు కట్టారు, ఐస్‌క్రీం బండి, మొక్కజొన్న పొత్తులవాడు. చక్రం మాత్రం అక్కడే ఉంది, తుప్పు పట్టి, పట్టాలు కొంత దూరం పోయి గడ్డిలో మాయమై. దాని ముందు కాలేజీ పిల్లలు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఇదేంటని ఒక అమ్మాయి అడిగింది. అడిగిన మనిషిని నేను ఇంతవరకూ నిరాశపరచలేదు. మొదలుపెట్టాను. చెబుతుంటే నాకే అర్థమైంది, ఈ కథలో ఉన్న కుర్రాడు ఏటేటా బలిసిపోతున్నాడని. ఛాతీ పెరిగింది, గొంతు పెరిగింది, భయం పూర్తిగా పోయింది. అలాంటివాడు నాకెప్పుడూ ఎదురుపడలేదు. ఎదురుపడితే మాత్రం వాడితో స్నేహం చెయ్యాలని ఉంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. బండి జానెడు జరిగి ఆగిన చోట నేనూ ఆగాను, గాలి పీల్చాను, సింహంలా దూకాను.

"అంత లోయ కదా తాతగారూ, దూకేటప్పుడు భయం వెయ్యలేదా?" అంది ఆ అమ్మాయి.

నేను సముద్రం వైపు చూసి చిన్నగా నవ్వాను. భయం లేనివాళ్ళు నవ్వే నవ్వది. ఏళ్ళ తరబడి అద్దంలో సాధన చేశాను. అక్క పక్కనే సిమెంటు దిమ్మ మీద కూచుని మొక్కజొన్న గింజలు ఒక్కొక్కటీ ఒలుచుకు తింటోంది. తల కూడా ఎత్తలేదు.

"వీడు దూకడమేంటమ్మా. ఈ కమ్మీ పట్టుకుని వదలనని ఏడుస్తుంటే, వేళ్ళు ఊడబీకి నేనే తోశాను."